గోదారి ఎన్ని అడుగులుంది?

జులై వచ్చిందంటే చాలు... భద్రాచలం నుంచి కోనసీమ లంకల దాకా ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న. జవాబుగా వినపడేది ఒకే ఒక్క అంకె. దాన్ని బట్టే మూటాముల్లె సర్దుకోవాలో వద్దో తేలుతుంది. ఇంతకీ ఆ అంకె ఎక్కడిది? దాన్ని ఎవరు, ఎలా లెక్కగడతారు?

2022 జులై 16. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. చుట్టుపక్కల పల్లెల జనం పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. అంతకన్నా ఎత్తుకి గోదారి వచ్చింది 1986 ఆగస్టులో. అప్పటి రికార్డు 75.6 అడుగులు. 36 ఏళ్ల తేడాతో వచ్చిన ఆ రెండు వరదల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోగలుగుతున్నామంటే కారణం... అన్నేళ్లూ ఎవరో ఒకరు ఒడ్డున నిలబడి నీటిమట్టం రాసిపెట్టడమే.

ఆ పని చేసేది కేంద్ర జల సంఘం సిబ్బంది. ఒడ్డున అంకెలు వేసిన కొలబద్దలు పాతి ఉంటాయి. మామూలు రోజుల్లో వేళకి వెళ్లి చూసి రాసుకుంటారు. వరద మొదలైతే మాత్రం గంటగంటకీ చూడాల్సిందే. అర్ధరాత్రయినా, జడివానయినా సరే. ఇప్పుడు చాలాచోట్ల నీటిమట్టాన్ని రాడార్‌తో పసిగట్టి, ఉపగ్రహం ద్వారా సమాచారం పంపే యంత్రాలూ వచ్చాయి. అయినా కొలబద్దని కంటితో చూసి సరిచూసుకునే పని పోలేదు. యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం కదా!

మూడు హెచ్చరికలు

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీచేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరేమో ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి వస్తాయి. ‘అదేంటి, అక్కడ 50 అడుగులున్న గోదారి ఇక్కడికొచ్చేసరికి 14 అడుగులేనా?’ అని చాలామందికి అనుమానం. ఈ అడుగులు నది లోతుకి లెక్క కాదు. ఎక్కడికక్కడ ఒక మట్టాన్ని సున్నాగా ఖాయం చేసుకుని అక్కణ్నుంచి పైకి కొలుస్తారు. భద్రాచలం సున్నా వేరు, ధవళేశ్వరం సున్నా వేరు. కాబట్టి రెండు ఊళ్ల అంకెల్నీ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఏ ఊరి అంకెని ఆ ఊరి హెచ్చరిక మట్టంతోనే పోల్చుకోవాలి.

అడుగులు తెలిస్తే సగం పనే అయినట్టు. ఎంత నీళ్లు పోతున్నాయో కూడా తెలియాలి. అదే క్యూసెక్కుల లెక్క. సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పోతుంటే ఒక క్యూసెక్కు. దీన్ని కొలవడానికి నది వెడల్పుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పట్టీలుగా విడగొట్టుకుంటారు. పడవ మీద వెళ్లి ఒక్కో పట్టీ దగ్గరా లోతు చూస్తారు. తర్వాత కరెంట్ మీటర్ అనే పరికరాన్ని నీళ్లలోకి దించుతారు. ప్రవాహం తోసేకొద్దీ దానికున్న చిన్న గిన్నెలు గిరగిరా తిరుగుతాయి. ఎన్ని సెకన్లలో ఎన్నిసార్లు తిరిగాయో లెక్కేస్తే నీటి వేగం తెలుస్తుంది. సాధారణంగా పైనుంచి లోతులో పదింట ఆరో వంతు దగ్గర కొలుస్తారు. అక్కడి వేగం ఆ పట్టీ మొత్తానికి సగటు కిందకి వస్తుందని లెక్క. వేగాన్ని పట్టీ వైశాల్యంతో గుణించి, అన్నీ కూడితే నది మొత్తం ప్రవాహం వచ్చేస్తుంది. ధ్వని తరంగాలతో కొలిచే కొత్త పరికరాలూ వాడుకలోకి వచ్చాయి.

గంటగంటకీ పడవ వేసుకుని వెళ్లడం అయ్యే పని కాదు. అందుకే ఏ మట్టం దగ్గర ఎంత ప్రవాహం ఉంటుందో ఏళ్ల తరబడి కొలిచి ఒక పట్టిక తయారుచేసుకుంటారు. భద్రాచలంలో 43 అడుగులంటే సుమారు 9 లక్షలకి పైగా క్యూసెక్కులు. 48 అంటే 11 లక్షల పైన, 53 అంటే 14 లక్షల పైన. మొదటి అయిదడుగులకి పెరిగింది దాదాపు రెండు లక్షలు. తర్వాతి అయిదడుగులకి దాదాపు మూడు లక్షలు! గోదారి పెరిగేకొద్దీ ఒక్కో అడుగూ మరింత బరువెక్కుతుందన్నమాట. వరదలకి ఇసుక మేట వేసి, గట్లు కోసుకుపోయి నది అడుగు మారిపోతుంది. కాబట్టి ఆ పట్టికనీ మళ్లీమళ్లీ సరిచూసుకోవాలి.

ఆపలేని నీళ్లు

ఇంత శ్రమ ఎందుకంటే... గోదారి వరదని ఆపడం ఎవరి తరమూ కాదు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఆ లెక్కన మూడో హెచ్చరిక నాటి వరద ఒక్క రోజులోనే 120 టీఎంసీలు దాటుతుంది. ధవళేశ్వరం బ్యారేజీలో పట్టే నీళ్లు మూడు టీఎంసీలు కూడా ఉండవు! 175 గేట్లూ ఎత్తి సముద్రంలోకి వదిలెయ్యడమే మార్గం. మనిషి చేతిలో ఉన్నది ముందుగా తెలుసుకోవడం ఒక్కటే.

గోదారి ఆ అవకాశం ఇస్తుంది కూడా. భద్రాచలంలో చినుకు లేకపోయినా వరద రావచ్చు. ఎందుకంటే విదర్భ వానల్ని వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా మోసుకొస్తే ఆ నీళ్లన్నీ ప్రాణహితగా కాళేశ్వరం దగ్గర గోదారిలో కలుస్తాయి. ఆ దిగువన ఇంద్రావతి తోడవుతుంది. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతుంది. పైన ఎక్కడ ఎంత పెరిగిందో తెలిస్తే కింద ఎప్పటికి ఎంత వస్తుందో చెప్పొచ్చు. భద్రాచలం వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. లంక గ్రామాల వాళ్లు పశువుల్ని గట్టెక్కించడానికీ, పిల్లల్నీ పెద్దల్నీ తరలించడానికీ దొరికే సమయం ఆ ఒక్క రోజే. దేశంలో ఇలా వరదని ముందుగా అంచనావేసి చెప్పడం 1958లో ఢిల్లీ దగ్గర యమునతో మొదలైంది. 2023లో కేంద్ర జల సంఘం తెచ్చిన ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్‌తో ఇప్పుడు ఆ వివరాలు సెల్‌ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

అయితే వాగులకి అంత ఓపిక ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ మహోగ్రంగా వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అందరి కళ్లూ అటే ఉన్నాయి. విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాల్ని రోజుల తరబడి ముంచింది మాత్రం గట్లు తెగిన బుడమేరు! పెద్ద నదికి రోజుల ముందు కబురందుతుంది. వాగు గంటల్లో ఉప్పొంగుతుంది. అందుకే వాగుల మీద నిఘా ఇంకా చురుగ్గా ఉండాలి.

కంటికి కనిపించని ముప్పు

పొంగిన నీళ్లు ఇంటి గడప తొక్కితే అందరికీ తెలుస్తుంది. చెడిన నీళ్లు చప్పుడు చెయ్యవు. వాటిని పట్టుకోవాలంటే మరో రకం కొలతలు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్లలో కరిగిన ఆక్సిజన్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. సీసాలో గాలిబుడగ చేరకుండా నీళ్లు నింపి, ఒడ్డునే మందులు కలుపుతారు. గోధుమరంగు తేలితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. అసలు లెక్క ప్రయోగశాలలో తేలుతుంది.

ఎప్పుడు కొలిచారన్నదీ ముఖ్యమే. పాచిపట్టిన చెరువులో మధ్యాహ్నం చూస్తే ఆక్సిజన్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఎండలో పాచి దాన్ని తయారుచేస్తుంది మరి. రాత్రంతా అదే పాచి తిరిగి వాడేసుకుంటుంది. తెల్లవారేసరికి చేపలు నీళ్లపైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం తీసిన ఒక్క సీసాని నమ్ముకుంటే చేపలు తేలేదాకా విషయం తెలియదు.

ప్రవాహం లెక్క లేకుండా మురికి లెక్కా తేలదు. అదే మురుగు వానాకాలం నదిలో కలిస్తే పల్చబడుతుంది. వేసవిలో సన్నటి పాయలో కలిస్తే ఆ పాయే మురుగవుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీని చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది.

మూసీ మరో పాఠం కూడా నేర్పింది. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఏ ఆనకట్ట కట్టాలన్నా, ఏ కరకట్ట ఎత్తు తేల్చాలన్నా ముందు కావాల్సింది పాత వరదల లెక్కే. నిన్న కొలవని నీళ్లని ఇవాళ కొలవలేం. అవి సముద్రంలో కలిసిపోయాయి!

లెక్క రాసేవాళ్లు రాస్తారు. దాన్ని అందుకోవాల్సింది మాత్రం ఇళ్లలో ఉన్నవాళ్లే. 48 అడుగులకి మన ఊరి దారి మునుగుతుందా, 53కి మన వీధిలోకి నీళ్లొస్తాయా... గోదారి ఒడ్డు ఊళ్లలో పెద్దవాళ్లకి ఇవి నోటికి వస్తాయి. పిల్లలకీ తెలిసేలా ఇంటి గోడ మీద ఓ గీత గీసి, పక్కన ఏడాది రాసిపెట్టండి. అప్పుడు గోదారి ఎన్ని అడుగులుందో వినగానే, ఎప్పుడు బయల్దేరాలో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.