వంపు బాణం వెనుక మూడు చుక్కలు

బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. సముద్రపు నీరు ఆవిరై, మేఘమై, అనంతగిరి కొండల మీద మళ్ళీ వానగా కురుస్తుంది. ఈ నీటి చక్రాన్ని కంప్యూటర్ స్లైడు మీద తిన్నని బాణాలతో చూపితే? నీరు పోయే దారీ, వచ్చే దారీ ఒకే గీత మీద పడతాయి! అందుకే వంపు బాణాలు కావాలి.

మరి ఆ వంపును కంప్యూటర్ ఎలా గీస్తుంది? కాగితం మీద మీరే చేసి చూడండి. సముద్రం వద్ద ‘క’, కొండ వద్ద ‘గ’, వాటికి పైన ఆకాశంలో ‘చ’ అని చుక్కలు పెట్టండి. కచ, చగ గీతల మధ్యబిందువులను కలపండి. ఆ కొత్త గీత మధ్యబిందువు వంపు మీది ఒక చుక్క. సగానికి బదులు నాలుగోవంతు, ముప్పావు వంతు తీసుకుని మూడు గీతల మీదా అలాగే చేస్తే మరో రెండు చుక్కలు వస్తాయి. ‘క’ నుంచి ‘గ’ వరకు అన్నిటినీ నునుపుగా కలపండి. వంపు సిద్ధం! ‘చ’ను పైకి జరిపితే వంపు పెరుగుతుంది.

1959లో ఫ్రాన్సులో సిత్రోయెన్ కార్ల కంపెనీలో పనిచేసే పాల్ ద కాస్తెల్జో కనిపెట్టిన పద్ధతి ఇది. రెనో కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే ఇటువంటి వంపులకు ప్రచారం తెచ్చాడు. అందుకే వీటిని బెజియే వక్రరేఖలంటారు. కంప్యూటర్లు తరచు ‘చ’ వంటి చుక్కలను రెండేసి వాడతాయి.

బాణం మొన మాత్రం ‘చ’ నుంచి ‘గ’కు పోయే దిశలోనే ఉండాలి. మొన తారుమారైతే కొండ మీది మేఘం సముద్రానికి వెనుదిరిగినట్టే. అప్పుడు తప్పేది బొమ్మ ఒక్కటే కాదు, సైన్సు కూడా!