చంటిబిడ్డ ఆటబొమ్మ మన ఇంట్లోనే ఉంది

తొమ్మిదో నెల టీకా వేయించడానికి బిడ్డనెత్తుకొని వచ్చే తల్లులను మేము తప్పకుండా ఒక మాట అడుగుతాము. "బిడ్డ వేటితో ఆడుకుంటున్నాడమ్మా?" వెనుకటి రోజుల్లో "ఏమున్నది సిస్టరమ్మా, గంటె ఇస్తే గంటెతోనే ఆడుతడు" అనేవారు. ఇప్పుడు చాలామంది కొంచెం సిగ్గుపడుతూ చేతిలోని ఫోను చూపిస్తున్నారు. "గిది లేకుంటే బువ్వ తినడు, నన్ను పని చేసుకోనియ్యడు" అంటున్నారు.

మేము కోప్పడము. జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే తల్లికి వెయ్యి బీడీల లెక్కన కూలి. సిరిసిల్లలో కండెలు చుట్టే తల్లికి కూడా చేసినంత పనికే డబ్బులు. బిడ్డ తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే ఇంట్లో ఎత్తుకోవడానికి మరో చేయి ఉండదు. ఫోను ఆ చేయి లాగా కనిపిస్తుంది. కాని ఏడాది లోపు బిడ్డకు తెర అసలే చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం రెండేళ్ళ వరకు వద్దంటుంది. వీడియో కాల్‌లో నాన్న ముఖం చూపించి మాట్లాడించడం వేరు. దానికి అభ్యంతరం లేదు.

మరి ఫోను బదులు ఏమివ్వాలి? ఖరీదైన బొమ్మలు అవసరం లేదు. గల్ఫ్ నుండి వచ్చిన పెట్టెలో ఒక బ్యాటరీ కారు వచ్చిందట. లైట్లు, సైరను అన్నీ ఉన్నాయి. ఎనిమిది నెలల బిడ్డ దాన్ని చూసి కెవ్వుమని ఏడ్చి అమ్మమ్మను పట్టుకున్నాడు. తరువాత ఆ కారు వచ్చిన అట్టపెట్టెతో సాయంత్రం దాకా ఆడుకున్నాడు. అమ్మమ్మ ఈ సంగతి మాకు చెప్పి ఎంత నవ్విందో!

జమైకాలో జరిగిన సంగతి

జమైకా దేశంలోని కింగ్‌స్టన్ నగరంలో 1980ల చివర డాక్టర్ శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఒక ప్రయత్నం చేసింది. 9 నుండి 24 నెలల వయసు ఉండి, వయసుకు తగిన ఎత్తు ఎదగని 129 మంది పిల్లలను తీసుకున్నారు. వారిలో కొందరి ఇళ్ళకు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళపాటు ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళారు. వారు డాక్టర్లు కారు, మన ఆశా కార్యకర్తల వంటి వారు. చేత్తో చేసిన బొమ్మలు సంచిలో తీసుకెళ్ళి, తల్లి పక్కన కూర్చొని బిడ్డను ఎలా ఆడించాలో చూపించేవారు. ఆ బొమ్మలు ఇంట్లోనే వదిలి, తరువాతి వారం వేరేవి తెచ్చేవారు. ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే, ఎవరూ అలా వెళ్ళి ఆడించని పిల్లల కంటే వీరి సంపాదన సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితం 2014లో ప్రచురించారు. మన దేశంలోని ఒడిశాలో, కటక్ నగరపు 54 బస్తీలలో కూడా ఇదే పద్ధతిని 18 నెలలపాటు నడిపితే పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి.

బొమ్మ ఒక్కటే ఇదంతా చేసిందని మేము అనుకోము. బొమ్మ నెపంతో తల్లి బిడ్డ కళ్ళలోకి చూసి మాట్లాడింది. బిడ్డ "ఊ" అంటే తానూ "ఊ" అంది. బీడీల చాట ముందర కూర్చొని కూడా ఇది చేయవచ్చు.

ఏమేమి చేయవచ్చు?

అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుండి 30 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు దూరంలో ఉన్నవి బాగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు తల్లి ముఖం ఉండేది ఆ దూరంలోనే గనుక మొదటి ఆటబొమ్మ అమ్మ ముఖమే. రెండో నెలలో తెల్లని నూలు గుడ్డ మీద నల్లదారంతో రెండు కళ్ళు, ఒక నోరు కుట్టి చూపించండి. మెల్లగా పక్కకు జరిపితే బిడ్డ చూపు దాని వెంట వస్తుంది. కాటుకతో మాత్రం గీయవద్దు, అది బిడ్డ నోట్లోకి పోతుంది.

నాలుగో నెల నుండి బిడ్డ చేయి చాచి పట్టుకుంటుంది, పట్టుకున్నదల్లా నోట్లో పెడుతుంది. అప్పుడు గిలక కావాలి. ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేము చిన్న నీళ్ళ సీసాలలో చింతగింజలు పోసి, మూతలు బిగించి, తల్లులకు సంతోషంగా పంచాము. వారం తిరగకముందే ఒక తల్లి ఊడిపోయిన మూతను చేత్తో పట్టుకొని వచ్చింది. ఏడు నెలల బిడ్డ నోట్లో నుండి చింతగింజను నాయనమ్మ వేలితో తీసిందట. బిడ్డకు ఏమీ కాలేదు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుండి మా పద్ధతి మారింది. పావులీటరు సీసాను కడిగి బాగా ఆరబెట్టి, రెండు చెంచాల బియ్యం పోస్తాము. మూత బిగించి టేపు చుడతాము. ఆ పైన సీసా మొత్తానికి నూలు గుడ్డతో తొడుగు వేసి, నోరు కూడా కుట్టేస్తాము. కుట్టిన తరువాత ఇద్దరు సిస్టర్లు చెరొక వైపు పట్టి లాగుతారు. వారి బలానికి నిలిచిందే బిడ్డ చేతికి వెళ్తుంది. మందుల సీసాలు మాత్రం వాడకండి. ఈరోజు గిలకగా ఆడిన సీసాను రేపు నిండా మందుతో కనిపించినా బిడ్డ నోట్లోనే పెడుతుంది.

కూర్చునే వయసుకు పాత నూలు చీర పేలికలతో బంతి చేయండి. గుడ్డబొమ్మ చేస్తే కళ్ళకు గుండీలు పెట్టకుండా దారంతోనే కుట్టండి. తొమ్మిది నెలల తరువాత వంటింటికి మించిన బొమ్మల దుకాణం లేదు. రెండు స్టీలు గిన్నెలు, ఒక చెక్క గంటె చాలు. గుడ్డ బంతిని గిన్నెలో వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. మనకు విసుగు వస్తుంది గాని బిడ్డకు రాదు. గిన్నె కింద బంతిని దాచి "ఏదీ?" అని అడగండి, వెతుకుతుంది. సిరిసిల్ల ఇళ్ళలో నూలు అయిపోయిన అట్ట కోన్లు ఉంటాయి. ఏడాది దాటిన పిల్లలు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చడం నేర్చుకుంటారు. సాంచల నూనె అంటినవి, నానిపోయినవి పారవేయండి.

ఏ బొమ్మకైనా మేము చూసే కొలతలు రెండే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అందులోంచి దూరిపోయే వస్తువు బిడ్డ గొంతులోనూ దూరుతుంది, ఇవ్వకండి. జానెడు కంటే పొడుగున్న దారం మెడకు చుట్టుకుంటుంది, ఉంచకండి. పాలిథీన్ కవర్లు, గాజు గాజులు అసలే వద్దు. బ్యాటరీ బొమ్మలలో ఉండే బిళ్ళ బ్యాటరీ మరీ ప్రమాదం. మింగితే రెండు గంటలలోనే ఆహారనాళాన్ని కాల్చగలదు గనుక ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. బీడీలు చేసే తల్లులు బిడ్డ బొమ్మలను తంబాకు దగ్గర పెట్టవద్దు. సబ్బుతో చేతులు కడిగిన తరువాతే బిడ్డను, బొమ్మను ముట్టుకోవాలి. తంబాకు పొడి కొంచెం నోట్లోకి పోయినా పసిబిడ్డకు విషమే.

గిలక చెప్పిన సంగతి

సిరిసిల్ల నుండి విరేచనాలతో వచ్చిన పదకొండు నెలల బాబు మా పిల్లల వార్డులో చేరాడు. బాబు కోలుకున్నాక మా స్టూడెంట్ సిస్టర్ అతని తల వెనుక గిలక ఊపింది. తిరగలేదు. మరో వైపు ఊపినా తిరగలేదు. "సాంచల చప్పుడుకు అలవాటు పడ్డడు బిడ్డా, చిన్న సప్పుడు పట్టించుకోడు" అంది నాయనమ్మ. ఆమె అంతకాలం నిజంగా అలాగే నమ్మింది. పరీక్ష చేయిస్తే రెండు చెవులలోనూ లోపం ఉందని తేలింది.

కాబట్టి ఆరు నెలలు నిండిన బిడ్డకు ఇంట్లోనే ఇలా చూడండి. ఒకరు ఎదుట కూర్చొని మరిపించాలి. మరొకరు వెనుక నుండి, బిడ్డకు కనబడకుండా, గిలక ఊపాలి. రెండు మూడు సార్లు, వేరువేరు రోజులలో చూసినా తల తిప్పకపోతే వెంటనే తీసుకురండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో వినికిడి పరీక్షకు ఖర్చు ఉండదు. ఎంత చిన్న వయసులో తెలిస్తే మాటలు నేర్పడం అంత సులువు.

మా పిల్లల వార్డు కిటికీ దగ్గర ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. బిడ్డతో పాటు ఉండే తల్లులు తీరిక వేళల్లో బొమ్మలు కుట్టి అందులో వేస్తారు, ఇంటికి వెళ్ళేటప్పుడు ఒకటి తీసుకెళ్తారు. మీ ఇంట పాత నూలు చీరలు, ధోవతులు ఉంటే ఉతికి, ఎండలో ఆరబెట్టి వార్డు సిస్టర్‌కు ఇవ్వండి. పాలిస్టరు వద్దు. సూదులు మా దగ్గర ఉన్నాయి, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకుంటాము.