తీగలేని గేమింగ్ మౌస్: శక్తి లెక్క

ఆటల కోసం తీగలేని మౌస్ కొనేవారు పెట్టె మీద ముందుగా చూసేది బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న అంకె. నిజానికి ఒక మౌస్‌కు అలాంటి అంకె ఒక్కటే ఉండదు. 2018లో వచ్చిన లాజిటెక్ జీ305నే తీసుకుందాం. ఏఏ సైజు పెన్సిల్ సెల్ ఒక్కటి వేస్తే అది పనిచేస్తుంది. వేగ పద్ధతిలో ఎడతెగకుండా ఆడితే ఆ సెల్ 250 గంటల వరకు, పొదుపు పద్ధతిలో 9 నెలల వరకు వస్తుందని తయారీ సంస్థ ప్రకటించింది. ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మౌస్ లోపల శక్తి ఎక్కడెక్కడ ఖర్చవుతుందో చూడాలి.

మౌస్ అడుగున చిన్న దీపం, దాని పక్కనే ఒక సెన్సార్ ఉంటాయి. దీపం బల్ల ఉపరితలం మీద కాంతిని ప్రసరింపజేస్తుంది. సెన్సార్ సెకనుకు వేల చిత్రాలు తీసి, ఒక చిత్రాన్ని ముందటి చిత్రంతో పోల్చి, మౌస్ ఎటువైపు ఎంత జరిగిందో లెక్కగడుతుంది. ఆ లెక్కకు బటన్ల సమాచారం చేర్చి మైక్రోకంట్రోలర్ ఒక సందేశం తయారుచేస్తుంది. రేడియో దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల ద్వారా కంప్యూటర్‌కు తగిలించిన రిసీవర్‌కు పంపుతుంది. సెన్సార్, మైక్రోకంట్రోలర్, రేడియో: ప్రధానంగా శక్తిని వాడుకునేవి ఈ మూడే. రంగు దీపాలుంటే వాటి ఖర్చు అదనం.

ఈ ఖర్చు ఎంతో స్థూలంగా లెక్కవేయవచ్చు. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్ సామర్థ్యం సుమారు 2500 మిల్లీఆంపియర్ గంటలు. దాన్ని 250తో భాగిస్తే 10 మిల్లీఆంపియర్లు వస్తాయి. అంటే సెకనుకు వేల చిత్రాలు తీస్తూ, వెయ్యి సందేశాలు పంపుతూ ఆ మౌస్ వాడుకునే సగటు విద్యుత్ ప్రవాహం అంతే. చెయ్యి నెమ్మదిగా కదిలినప్పుడు సెన్సార్ తనంతట తానే చిత్రాల సంఖ్య తగ్గించుకోవడం ఈ పొదుపుకు ఒక ముఖ్య కారణం. ఇక 9 నెలలంటే సుమారు 6500 గంటలు. ఆ లెక్కన సగటు 0.4 మిల్లీఆంపియర్లకు మించదు. అయితే ఈ రెండో అంకెలో మౌస్ కదలకుండా నిద్రావస్థలో గడిపే గంటలన్నీ కలిసి ఉన్నాయి. మొదటిది నిరంతరాయంగా ఆడినప్పటి కొలత, రెండోది మామూలు వాడుక కొలత. పెట్టె మీది అంకెలను పోల్చేముందు అవి ఏ కొలతలో చెప్పినవో గమనించాలి.

నిద్రావస్థ సంగతి పక్కన పెడితే, వాడేవారి చేతిలో ఉన్న అమరికల్లో అన్నిటికంటే బలమైనది పోలింగ్ రేటు, అంటే మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు సమాచారం పంపుతుందన్నది. సాధారణ మౌస్‌లలో ఇది 125. గేమింగ్ మౌస్‌లలో 1000 మామూలు. ఇటీవలి వాటిలో కొన్ని 8000 దాకా వెళ్తున్నాయి. 2024లో వచ్చిన రేజర్ వైపర్ వీ3 ప్రో 1000 రేటు వద్ద 95 గంటలు పనిచేస్తే, 8000 రేటు వద్ద 17 గంటలే పనిచేస్తుందని ఆ సంస్థ ప్రకటనే చెబుతోంది.

మరి ఇంత ఖర్చుకు దక్కే లాభం ఎంత? సెకనుకు 125 సందేశాలు పంపితే, ఒక కదలిక తన వంతు కోసం సగటున 4 మిల్లీసెకన్లు ఆగాలి. 1000 దగ్గర ఆ నిరీక్షణ అర మిల్లీసెకనుకు పడిపోతుంది. 8000కు వెళ్తే మిగిలిన ఆ అర మిల్లీసెకనులో కొంత భాగం మాత్రమే కలిసివస్తుంది. మొదటి మెట్టులో మూడున్నర మిల్లీసెకన్లు లాభం, రెండో మెట్టులో అర మిల్లీసెకను కూడా లేదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో చిత్రమే దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. కాబట్టి ఆటలకు 1000, రాతపనికి 125 సరిపోతాయి. అతివేగపు తెరల మీద పోటీలు ఆడేవారికి తప్ప 8000తో పెద్ద ప్రయోజనం లేదు.

రంగు దీపాల లెక్క ఇంకా సులువు. 2019 నాటి లాజిటెక్ జీ502 లైట్‌స్పీడ్ దీపాలతో 48 గంటలు, దీపాలు ఆర్పితే 60 గంటలు వస్తుందని ప్రకటించారు. వాడిన శక్తిలో ఐదో వంతు దీపాలకే పోతోందన్నమాట. ఆడుతున్నంతసేపూ అరచేతి కింద దాగి ఉండే వెలుగుకు ఇది పెద్ద మూల్యమే.

రిసీవర్ స్థానాన్ని చాలామంది పట్టించుకోరు. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఈ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన పరికరాలు కూడా ఇదే పరిధిలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లో వివరించింది. రొదలో సందేశం పోతే మళ్ళీ పంపాలి. దానివల్ల కర్సర్ తడబడుతుంది, శక్తీ వృథా అవుతుంది. రిసీవర్‌ను కంప్యూటర్ వెనుక పోర్టులో వదిలేయకుండా, పొడిగింపు తీగతో మౌస్‌కు జానెడు దూరంలోకి తెచ్చుకోవడం మేలు.

పోలింగ్ రేటు, దీపాల వంటి అమరికలన్నీ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. లాజిటెక్‌కు జీ హబ్, రేజర్‌కు సినాప్స్ అలాంటివే. లినక్స్ వాడేవారికి పైపర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. ముందుగా మౌస్, రిసీవర్ రెండింటి ఫర్మ్‌వేర్‌ను తాజా చేసుకోవాలి. అది పూర్తయ్యేవరకు రిసీవర్‌ను పీకకూడదు. తర్వాత ఆటకు ఒక ప్రొఫైల్, పనికి ఒక ప్రొఫైల్ పెట్టుకుని పోలింగ్ రేటు, దీపాలు, నిద్రలోకి జారుకునే సమయం నిర్ణయించుకోవాలి. చాలా గేమింగ్ మౌస్‌లలో సొంత మెమరీ ఉంటుంది. అమరికలను అందులో భద్రపరిస్తే, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో కూడా అవి అమల్లో ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ చూపే బ్యాటరీ శాతాన్ని పూర్తిగా నమ్మలేం. సెల్ వోల్టేజీని బట్టి వేసే అంచనా అది. ఆల్కలైన్ సెల్ వోల్టేజీ 1.5 నుంచి క్రమంగా దిగుతుంది. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ చాలాసేపు 1.2 దగ్గర నిలిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల ఇంకా ఛార్జి ఉన్నా శాతం తక్కువగా కనిపించవచ్చు. ఆల్కలైన్ సెల్ బరువు సుమారు 23 గ్రాములు. రీఛార్జి చేయలేని లిథియం పెన్సిల్ సెల్ 15 గ్రాములే. మౌస్ తేలికగా ఉండాలనుకునేవారికి అది అనువు. చాలాకాలం వాడకపోతే ఆల్కలైన్ సెల్‌ను తీసి పక్కన పెట్టాలి. లేకుంటే అందులోని క్షారం కారి లోపలి లోహపు రేకులను తినేస్తుంది.

లోపలే లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న మౌస్‌లకు వేడి ప్రధాన శత్రువు. ఈ రకం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కిటికీ పక్కన ఎండ పడేచోట ఛార్జింగ్ పెట్టడం మంచిది కాదు. నిండా ఛార్జయిన బ్యాటరీని వేడిలో వారాల తరబడి ఉంచితే దాని సామర్థ్యం త్వరగా తరుగుతుంది.

కొత్త మౌస్ కొన్న రోజునే ఓ పావుగంట వెచ్చించి దీపాలు ఆర్పండి, పోలింగ్ రేటును పనికి తగినట్టు సరిచేయండి, రిసీవర్‌ను దగ్గరకు తెచ్చుకోండి. ఎక్కువ డబ్బుపోసి పెద్ద బ్యాటరీ ఉన్న మౌస్ కొనేముందు, ఉన్నదానితోనే పైసా ఖర్చు లేకుండా చేయగల పనులివి.