మీకు తెలుసా? ఇంట్లో పులి, బడిలో పిల్లి

తెలుగు కథల్లో చిన్నపిల్లాడనగానే గుర్తొచ్చేది బుడుగు. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాశారు, బాపు బొమ్మలు వేశారు. వాడికి భయమన్నదే లేదు. ప్రైవేటు చెప్పే మాస్టర్లే వాడికి జడవాలి. మరి అన్నిటికీ వణికే పిల్లగాడు హీరో అయితే?

అలాంటివాడు ఒకడున్నాడు, పేరు ఆల్విన్ హో. అమెరికాలో కాంకర్డ్ అనే ఊళ్లో రెండో తరగతి చదివే చైనీస్ కుటుంబం పిల్లగాడు. లెనోర్ లుక్ 2008 నుంచి 2014 దాకా వాడి మీద ఆరు పుస్తకాలు రాశారు. బొమ్మలు లెవిన్ ఫామ్‌వి. లిఫ్టు, వంతెన, ఉరుము, చీకటి, సూది మందు అన్నీ వాడికి భయమే. అన్నిటికన్నా బడి! ఇంట్లో సూపర్‌హీరోనని గంతులేసేవాడికి బడి గడప తొక్కితే నోరు పెగలదు. ఆపద వస్తే పనికొస్తాయని ఒక డబ్బాలో సామాను దాచుకుంటాడు. అందులో ఈల ఉంటుంది, వెల్లుల్లి కూడా. నవ్వొస్తుంది గానీ, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే మనకు ఆ వెల్లుల్లి మరీ వింతేం కాదు.

ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో మాత్రం మూగబోవడాన్ని డాక్టర్లు సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అది పొగరు కాదు, మొండితనమూ కాదు, ఆందోళన. సాధారణంగా అయిదేళ్లలోపే మొదలవుతుంది. కనీసం నెల సాగితేనే ఆ పేరు పెడతారు. బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు.

తెలంగాణలో బంట్వారం, తాండూరు వైపు ఇంకో చిక్కుంది. తండాలో లంబాడీ, కొన్ని ఇండ్లల్ల ఉర్దూ, సరిహద్దు ఊళ్లల్ల కన్నడ. బడికొస్తే తెలుగు, దాని మీద ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. కొత్త భాష చెవికి పట్టేదాకా పిల్లలు ఊరకుండటం మామూలే, దాన్ని జబ్బనొద్దు. ఇంటి భాషలో కూడా బడిలో పెదవి విప్పకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి.

ఇంగ్లీషు వచ్చిన అక్కో అన్నో ఉంటే ఆల్విన్ కథలు ఇంటి మాటల్లో చెప్పించండి. చెబుతున్నప్పుడు మాత్రం "నువ్వూ వీడి లెక్కనే" అని పిల్లగాణ్ణి చూసి నవ్వకండి.