'హెడ్ ఇన్ ద క్లౌడ్స్' అంటే మెచ్చుకోలు కాదు

చందానగర్ నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు 'క్లౌడ్' అంటే డేటా దాచుకునే చోటు. అదే మాట పిల్లల స్కూల్ డైరీలో 'హెడ్ ఇన్ ద క్లౌడ్స్' అని కనిపిస్తే అమ్మీ, అబ్బా తికమక పడొచ్చు. టీచర్ మెచ్చుకున్నారా, తప్పుపట్టారా?

సూటిగా చెప్పాలంటే ఇది పరధ్యానం. మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో. పగటి కలల్లో పడి ఎదుటివాళ్లు చెప్పేది వినకపోవడం. అంటే మెత్తని మందలింపు.

ఆఫీసులో జపాన్ టీమ్‌తో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు. ఇంగ్లిష్ ఇద్దరికీ సొంత భాష కాదు. 'తల మబ్బుల్లో ఉంది' అని మాటకు మాట విడదీసి చెబితే వాళ్లకు వింతగా ఉంటుంది. కానీ జపనీస్‌లో 'ఉవా నో సోరా' అనే మాట ఉంది. విడిగా చూస్తే 'పైనున్న ఆకాశం', వాడుకలో పరధ్యానమే. ఆ మాట గుర్తుచేస్తే సులువుగా అర్థమవుతుంది.

'కాజిల్స్ ఇన్ ద ఎయిర్' వేరు. అది జరగని వాటికి ప్లాన్లు వేయడం. తెలుగులో గాలిలో మేడలు కట్టడం, ఉర్దూలో ఖయాలీ పులావ్ వండడం. జపనీస్‌లో 'కూచూ రోకాకు', అంటే గాలిలో కట్టిన మేడ.

ఈ రెండూ కలిపేస్తే అర్థం మారిపోతుంది. ఖయాలీ పులావ్ వండేవాళ్లకు లెక్క చూపించాలి. పరధ్యానంలో ఉన్న బిడ్డకు లెక్కలతో పని లేదు. కోప్పడే ముందు, మనసు ఎక్కడ తిరుగుతోందో పక్కన కూర్చుని అడిగితే చాలు.