పళ్లెంలో సముద్రం

రండర్రా, అరుగు మీదకి రండి. అమ్మలూ, వంటింట్లోంచి పెద్ద పళ్లెం పట్టుకురా. చిన్నా, నువ్వు ఆ పల్చటి ప్లాస్టిక్ తొట్టి తే. రెండింట్లోనూ నీళ్లు పోయండి. ఇవాళ మన సముద్రం ఇదే.

ముందు పళ్లెం. ఈ అంచున నోరు పెట్టి, ఆపకుండా గట్టిగా ఊదమ్మా. చూశావా, నీళ్లు అవతలి అంచుకి చేరి ఎలా ఎగదన్నుతున్నాయో! నీ ఊపిరికే ఇంతైతే, తుపాను గాలి గంటల తరబడి ఊదితే? లోతున్న చోట ఆ నీళ్లు కిందికి జారి వెనక్కి పోతాయి. ఒడ్డు దగ్గర లోతుండదు. పోవడానికి దారిలేక ఊరి మీద పడతాయి. దాన్నే ఉప్పెన అంటాం.

1977 నవంబరు 19, శనివారం సాయంత్రం మన దివిసీమ మీద పడింది అదే. కొలిచినవాళ్లు ఐదు మీటర్ల ఎత్తన్నారు. బతికి బయటపడ్డవాళ్లు తాటిచెట్టంత అంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్లు పదివేలకు పైనే. అందుకేరా, తుపాను వస్తోంది, షెల్టర్‌కి పదండి అని దండోరా వేస్తే, గొడ్లనీ సామాన్లనీ చూసుకుంటూ ఆగకూడదు.

ఇక తొట్టి. ఇద్దరు చెరోవైపూ ఎత్తి పట్టుకోండి. చిన్నా, అడుగు నుంచి పిడికిలితో ఒక్క పోటు పొడు. అబ్బ, నా పంచె తడిసింది! ఇందాక గాలి పైనీళ్లనే తోసింది. ఇప్పుడు అడుగు నుంచి పైదాకా నీళ్లన్నీ ఒక్కసారే లేచాయి. ఇది సునామీ. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చి, సముద్రం అడుగున నేల ఇలాగే ఎగిసింది. ఆ అల నడిసంద్రంలో విమానమంత వేగంతో పరిగెత్తి, రెండు గంటలు దాటాక మన ఒడ్డుకొచ్చింది. ఆదివారం, పున్నమి. గాలి లేదు, వాన లేదు. ఎవరు అనుమానిస్తారు?

సునామీకి ఒక్కోసారి ముందే ఓ గుర్తు కనబడుతుంది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి, ఇసుకలో చేపలు గిలగిల కొట్టుకుంటాయి. వాటిని ఏరడానికి వెళ్లకండి. మిట్టకి పరిగెత్తండి. ఆ రోజు థాయిలాండులో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లిషు పిల్ల, రెండు వారాల కిందటే బళ్లో విన్న పాఠం గుర్తుకొచ్చి కేక పెట్టింది. దాంతో ఆ బీచంతా ఖాళీ అయింది, జనం బతికారు.

ఇంకో సంగతి. ఆ భూకంపం పుట్టిన చోటికి బాగా దగ్గర్లో సిమెలూ అనే దీవి ఉంది. అప్పట్లో జనం దాదాపు 78 వేలు. పోయింది ఏడుగురే! అక్కడ 1907లో సునామీ వచ్చింది. దానికి వాళ్లు ‘స్మోంగ్’ అని పేరు పెట్టుకున్నారు. నేల గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని తాతలు మనవలకి చెప్పారు. తల్లులు జోలపాటల్లో పాడారు. తొంభై ఏడేళ్లు ఆ మాట నోటి నుంచి నోటికి నడిచింది.

అన్నేళ్లలో ఆ అల మళ్లీ రాలేదర్రా. ఎప్పటి మాటో ఇప్పుడెందుకని ఏ తాతైనా ఊరుకుని ఉంటే? అందుకే నేను చెబుతున్నాను. ఉయ్యాల్లో ఉన్న మీ తమ్ముడికి మాటలు రాగానే, ఈ పళ్లెం వాడి ముందు పెట్టి మీరు చెప్పాలి.