పలుగురాతి స్ఫటికము – మారని కోణము

తెలుగునాట పొలముగట్లమీదను, వాగుల యొడ్డునను తెల్లని పలుగురాళ్ళు చాలచోట్ల కనబడును. చీకటిలో రెండు పలుగురాళ్ళను ఒకదానితో నొకటి రాచి మెరుపు పుట్టించుట పిల్లల కొక వేడుక. ఈ రాయియే, పెరుగుటకు ఖాళీచోటును చాలినంత కాలమును దొరికినప్పుడు, ఆరు ప్రక్కలును మొనయును గల నిర్మలమైన స్ఫటికముగా తయారగును. రెండింటి పదార్థము ఒక్కటే. అది సిలికాన్, ఆక్సిజన్ అను మూలకముల సంయోగమైన సిలికా.

పూర్వము గ్రీకులు దీనిని మరల కరుగలేనంత గట్టిగా పేరుకొనిన మంచుగడ్డ యని తలచిరి. అది నిజము కాదు. భూమిలోపలి వేడినీటిలో సిలికా కొంత కరిగియుండును. ఆ నీరు రాతిపగుళ్ళలోనికి వచ్చి చల్లబడినపుడు, కరిగిన సిలికా పగులు గోడలమీద పేరుకొని, లోపలి ఖాళీవైపు పెరుగును. కావుననే సాధారణముగా స్ఫటికమునకు ఒక కొనమాత్రమే మొనదేరియుండును. రెండవ కొన గోడనుండి విరిగినచోటు. అది లోపము కాదు, అది పుట్టినచోటి గుర్తు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున హెర్కిమర్ ప్రాంతపు రాతిగుల్లలలో దొరకు స్ఫటికములవలె రెండు కొనలును మొనదేరినవి తక్కువ.

స్ఫటికములను సేకరింపబూనిన విద్యార్థికి మొదటనే ఒక సందేహము కలుగును. పుస్తకములోని పటమున ఆరు ప్రక్కలును సమానముగా నుండును. చేతికి వచ్చిన స్ఫటికమున ఒక ప్రక్క వెడల్పు, ఇంకొకటి సన్నము. మొన ఒక ప్రక్కకు ఒరిగియుండును. ఇది చెడిన నమూనాయా? కానేకాదు. 1669లో ఫ్లారెన్సు నగరమున నుండిన డెన్మార్కుదేశీయుడు నికొలాస్ స్టెనో దీనికి సమాధానము చూపెను. పలుగు స్ఫటికముల ముఖములు పెద్దవైనను చిన్నవైనను, ఒకే జత ముఖముల నడుమ కోణము మారదని ఆయన గమనించెను. 1783లో ఫ్రాన్సు దేశస్థుడు రోమె ద లీల్ పెక్కు ఖనిజములను కొలిచి, ఇది స్ఫటికములన్నిటికిని వర్తించు నియమమని స్థాపించెను.

ఈ నియమమునకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. గోడ కట్టు మేస్త్రీ ఉన్న గోడకు వెలుపలివైపున మరియొక వరుస ఇటుకలు చేర్చినచో, గోడ ముందుకు జరుగునేగాని దాని దిశ మారదు. స్ఫటికములో పరమాణువులు అట్లే క్రమమైన వరుసలలో అమరియున్నవి. పొరమీద పొర చేరినకొలది ముఖము తనకు సమాంతరముగానే బయటికి జరుగును. త్వరగా పెరిగిన ముఖము క్రమముగా చిన్నదై, మెల్లగా పెరిగినది పెద్దదగును. ముఖముల పరిమాణము పరిసరములవలన కలిగినది. కోణము పదార్థమునకు సహజమైనది.

దీనిని ఉన్నత పాఠశాలలో పరీక్షించుట కష్టము కాదు. రెండు అట్టముక్కలను ఒకచోట గుండుసూదితో బిగించి, వాని అంచులను పక్కపక్కనున్న రెండు ముఖములకు ఆనించి, ఏర్పడిన కోణమును కోణమానినితో కొలువవలెను. ప్రక్కముఖముల నడుమ 120 డిగ్రీలు వచ్చును. ప్రక్కముఖమునకు దానిపైనున్న మొనముఖమునకు నడుమ సుమారు 142 డిగ్రీలు వచ్చును. అంచులు రెండు ముఖములు కలియు గీతకు లంబముగా నుండునట్లు చూచుకొనవలెను. వేరువేరు చోట్ల దొరికిన స్ఫటికములు వేరువేరు ఆకారములలో నున్నను, ఈ అంకెలే మరల మరల వచ్చుట విద్యార్థులు స్వయముగా చూడదగిన విషయము.

కోణములతోపాటు చూడవలసినవి మరి రెండు కలవు. పెక్కు స్ఫటికముల ప్రక్కముఖములపై సన్నని గీతలు అడ్డముగా నుండును. టూర్మలీన్ ఖనిజమునకు గీతలు నిలువుగా నుండును గనుక, ఈ రెండింటిని వేరుచేయుటకు ఇది మంచి గుర్తు. ఇక మొనదగ్గరి ఆరు ముఖములలో మూడు పెద్దవిగాను, వాని నడుమనున్న మూడు చిన్నవిగాను ఉండుట తరచు. ఆరు ప్రక్కలున్నను స్ఫటికపు అమరిక మూడింటిదే యని ఇది తెలుపును.

కొన్ని స్ఫటికములలో ప్రక్కముఖపు పైమూలన నువ్వుగింజంత ముఖ మొకటి ఏటవాలుగా నుండును. అది పెద్ద మొనముఖమునకు దిగువ కుడిమూలన నున్నచో కుడి స్ఫటికము, ఎడమమూలన నున్నచో ఎడమ స్ఫటికము. రెండింటిలో పరమాణువులు ఎదురెదురు దిశలలో మెలిదిరిగిన మెట్లవలె అమరియున్నవి. పలుగురాయి ధ్రువితకాంతి తలమును త్రిప్పునని అరాగో 1811లో కనుగొనెను. ఆ త్రిప్పు దిశకును ఈ చిన్నముఖపు స్థానమునకును సంబంధము కలదని 1820 ప్రాంతమున జాన్ హెర్షెల్ చూపెను. అంత చిన్న ముఖము అంత పెద్ద సంగతి చెప్పుచున్నది.

ఇందువలననే సానపట్టిన స్ఫటికము సేకరణకు పనికిరాదు. అంగళ్ళలో అద్దమువలె మెరయుచు, ఆరు ప్రక్కలును సమానముగా నుండు ముక్కలు ఆకర్షణీయముగా కనబడును. వానిలో కొన్ని నిజమైన పలుగే యైనను, కొత్తముఖములు సానరాయి పెట్టినవి. వాని కోణములు పనివాని ఇష్టమును బట్టి యుండును. అడ్డగీతలును, చిన్నముఖములును అరిగిపోయియుండును. పాతముఖముల వెంటనే సానపట్టినచో కోణము సరిపోవచ్చును గనుక, కోణమొక్కటే చాలదు, గీతలనుకూడ వెదకవలెను. గాజుముక్క యైనచో లోపల గుండ్రని గాలిబుడగలు కనబడవచ్చును. పలుగు కాఠిన్యము 7. అది గాజును గీయగలదు. ఈ పరీక్షకు స్ఫటికపు మొనను వాడరాదు. విరిగిన అడుగుభాగమును వాడవలెను.

1880లో క్యూరీ సోదరులు పలుగును ఒత్తినపుడు విద్యుదావేశము కలుగునని కనుగొనిరి. నేటి గడియారములలో సెకనునకు 32,768 మారులు కంపించు పలుగుముక్క పనిచేయుచున్నది. అయితే అట్టి పనులకు నేడు కర్మాగారములలో పెంచిన పలుగునే వాడుచున్నారు. సహజస్ఫటికము విలువ దాని చరిత్రలో నున్నది. కావున నమూనా దొరికినపుడు ఊరు, చోటు, తేదీ, అంటియున్న మాతృశిల వివరములు చీటిపై వ్రాసి, దానితోనే పెట్టెలో ఉంచవలెను. చీటి పోయిన స్ఫటికముయొక్క కోణములను ఎప్పుడైనను కొలువవచ్చును. అది ఎచ్చట పుట్టినదో మరల తెలిసికొనుట మిక్కిలి కష్టము.